మూడో వరుసకు ముందే ముల్లు ఎత్తేసే బావ

మా బావ పోయాడన్న కబురు చిత్తూరు బస్సులో వచ్చింది. తిరుపతిలో మా లైబ్రరీ గేటు ముందు బస్సు నిలిపి, కండక్టరు మెట్టు మీద నుంచే కేకేశాడు.

"అప్పా, పూతలపట్టు మైకుసెట్టాయన పొద్దున పోయినాడంట. చేతిలో ఇడ్లీ చేతిలోనే ఉండాదంట. మీ యక్క రమ్మనింది."

ఇలాంటి మాట వింటే ఎవరికైనా ముందు ఏడుపు వస్తుంది. నాకు ఒళ్ళు మండింది. ఈ మనిషి బతుకులో ఒక్కదాన్నైనా చివరిదాకా పోనిచ్చాడా? ఆఖరికి ఇడ్లీని కూడా సగంలో వదిలేశాడు.

ఆయన మా అక్క భర్త. ఆ చుట్టుపక్కల పెళ్ళైనా జాతరైనా మైకుసెట్టు ఆయనదే. చెట్టెక్కి హారన్ కట్టడం, దిగి తీగలు కలపడం, చొక్కా దులుపుకోవడం, ఆ తర్వాత పరీక్ష. పరీక్షకు ఒక చిన్న ఇంగ్లీషు రికార్డు ఉండేది. మద్రాసులో పాత ఆంప్లిఫయరు కొంటే అంగడివాడు కొసరుగా ఇచ్చాడట. దాని నడిమి బొక్క మన గ్రామఫోను పెట్టెలకు మరీ పెద్దది. బావ కొబ్బరిచిప్పను గుండ్రంగా అరగదీసి అందులో బిగించాడు. లేబులు మీద పేరు ఎప్పుడో చెరిగిపోయింది.

ముల్లు పెట్టగానే తుప్పు పట్టిన రేకును గీకినట్టు గిటారు మొదలయ్యేది. డ్రమ్ము వాయించేవాడు ఎవరి మీదో పగ తీర్చుకుంటున్నట్టు బాదేవాడు. ఒక కుర్రవాడు, నా బూట్లు ఎక్కడ దాచావని ఇంగ్లీషులో అరిచేవాడు. మళ్ళీ అదే మాట అరిచేవాడు. అంతే, బావ ముల్లు ఎత్తేసేవాడు. "హలో, హలో" అని గొంతు సవరించుకొని దేవుడి పాట వేసేవాడు.

"మిగతాది కూడా వెయ్యి బావా" అంటే నా వైపు జాలిగా చూసేవాడు.

"ఏమిరా బామ్మర్దీ, పరీక్షకు దేవుడి పాట పెట్టి నడాన ఆపితే పాపం. సినిమా పాట ఆపితే తన్నులు. దీన్ని ఆపితే అడిగే నాథుడు ల్యాడు."

"నేనడుగుతా ఉండాను గదా!"

"నువ్వు జనమా?"

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. లైబ్రరీలో నాది పుస్తకాలు బైండు చేసే పని. బడి అయిదో తరగతితో సరి. చదవకుండా అతికిస్తే జిగురు పట్టదని నా నమ్మకం కాబట్టి, చేతికొచ్చినవన్నీ చదివేవాణ్ణి; ఇంగ్లీషూ అలాగే కూడబలుక్కున్నాను. అలా ఒక విదేశీ పత్రికల కట్టలో దొరికింది ఈ పాట జాతకం. అమెరికాలో పిల్లకాయలు కార్లు పెట్టుకునే షెడ్లలో చేరి, సగం నేర్చిన వాయిద్యాలతో పైకప్పు లేపేవాళ్ళట. దానికి గ్యారేజ్ రాక్ అని పేరు. వాళ్ళలో కొందరు నల్లవాళ్ళ కష్టాల పాటల నుంచి, అంటే బ్లూస్ నుంచి, పద్ధతి ఎత్తుకున్నారట. ఒక వరుస పాడతారు. మళ్ళీ అదే పాడతారు. మూడో వరుసలో అసలు సంగతి చెబుతారు. మా అక్క బావను పిలిచేదీ అచ్చం ఇట్లాగే. "తినేదానికి రా. తినేదానికి రా అంటావుండా. రాకుంటే కుక్కకు పెడతా."

ఇది చదివాక నాకు మనశ్శాంతి పోయింది. ఇన్నేళ్ళూ ప్రశ్న రెండుసార్లు విని, జవాబు ముందర లేచి వస్తున్నానన్నమాట! ఆ బిడ్డకు బూట్లు దొరికాయా లేదా?

బంగారుపాళ్యంలో ఒక మామిడితోట పెళ్ళిలో ఇక తట్టుకోలేక బావ మణికట్టు పట్టుకున్నాను. ఆయన లాగాడు, నేను లాగాను, ముల్లు కర్రుమని జారింది. ఆ చప్పుడుకు కట్టేసిన ఎద్దులు తాళ్ళు తెంపుకున్నాయి. పెళ్ళికూతురి తండ్రి పరుగెత్తుకొచ్చాడు. "మీ బావాబామ్మర్దుల యవ్వారం యాడన్నా పెట్టుకోండప్పా! ఈడ మా బిడ్డ పెండ్లి జరగాల!"

కోపంలో ఉన్నా ఒకటి ఒప్పుకోవాలి. హారన్ కట్టేముందు బావ వీధంతా ఒకసారి తిరిగేవాడు. ఎవరింట్లో జబ్బుమనిషి ఉన్నారు, ఎవరింట్లో పచ్చి బాలింత ఉంది, అడిగి తెలుసుకొని ఆ పక్కకు గొట్టం తిప్పేవాడు కాదు. "పాట ఇనాలనుకునేటోడు నడిచొస్తాడు. వద్దనుకునేటోడు యాడికి పోతాడురా?" అనేవాడు. ఆ మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

తర్వాత క్యాసెట్లు వచ్చాయి. రికార్డు ఏదని అడిగితే "పగిలిపాయ" అన్నాడు. నేను నమ్మాను. ఆరేళ్ళపాటు, వెళ్ళినప్పుడల్లా ఎలా పగిలిందని అడిగాను. ఒకసారి బండి కుదుపులకన్నాడు, ఒకసారి మేక తొక్కిందన్నాడు. అబద్ధమైనా ఒక్కదాని మీద నిలబడలేదు.

పెద్దకర్మ అయిన మరునాడు, అక్క ట్రంకుపెట్టె తీసి నేనెప్పుడో బైండు చేసి ఇచ్చిన పంచాంగాల కట్ట నా ముందు పెట్టింది. అట్టల నడుమ రికార్డు, కొబ్బరిచిప్ప బిళ్ళతో సహా.

"పగిలిందన్నాడే!"

"నువ్వు నమ్మినావా? పాటంతా ఇనేస్తే వాడు ఇంగ మనింటికి ఎందుకొస్తాడే అనేటోడు మీ బావ."

ఆ పిచ్చిమనిషిని పట్టుకొని నాలుగు తిట్టాలనిపించింది. తిట్టించుకోవడానికి ఆయన లేడు.

వసారాలో మూలనున్న పెట్టె దుమ్ము దులిపి ముల్లు పెట్టాను. గిటారు లేదు, బూట్లూ లేవు. ఉత్త గరగర. ఊరూరా పరీక్షలు పెట్టి పెట్టి బావ ఆ మొదటి ముక్కను నున్నగా అరగదీశాడు. సరిగ్గా ఆయన ముల్లు ఎత్తేసే చోట, కొత్త రేకులా ఖణేలుమని గొంతు లేచింది. మూడో వరుస! ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఆ కుర్రవాడు నోట్లో వేడి సంగటి పెట్టుకొని పాడినట్టుంది.

"ఏమంటాడురా?" అని అక్క అడిగింది.

"బూట్లు దొరికినాయంటక్కా" అన్నాను.

అన్ని రోజుల తర్వాత అక్క నవ్వింది.

పాట అయిపోయింది. ముల్లు చివరి గీతలో పడి టక్, టక్ మని తిరుగుతోంది. ఆ ముల్లు ఎత్తినందుకే కదా ఇన్నేళ్ళూ ఆయన్ని సతాయించాను. అక్క లేవలేదు, నేనూ లేవలేదు. ఇద్దరం ఆ పెట్టె వైపే చూస్తూ కూర్చున్నాం, ఇప్పుడో ఇంకాసేపటికో ఒక చెయ్యి వచ్చి దాన్ని ఎత్తుతుందన్నట్టు.