పాచి అనుకుని గీకిన కుండీలు

నెల్లూరులో ఒక కాలేజీలో పదిహేనేళ్ళు స్వీపరుగా చేశాక, నన్ను వృక్షశాస్త్ర విభాగానికి అటెండరుగా వేశారు. అటెండరుకు ల్యాబ్ తాళాలు ఇస్తారు, కుండీలకు చీటీలు రాయమంటారు. నేను అక్షరాలు దిద్దింది నలభై దాటాక. ఒక్కో చీటీకి చాలాసేపు పట్టేది. ఇప్పుడు చెప్పేది రిటైరు కావడానికి నాలుగేళ్ళ ముందు సంగతి.

ముత్తుకూరు దగ్గర మా పుట్టింటి ఊళ్ళో ఒక రాతిబావి ఉండేది. రాళ్ళ సందుల్లో నల్లటి సన్నకాడలతో ఒక ఫెర్న్ పెరిగేది. బావి మొక్క అనేవాళ్ళం. రోడ్డు కోసం బావి పూడుస్తారని మా తమ్ముడు ఫోను చేశాడు. నేను పోయేసరికి నీళ్ళు అడుగంటి మొక్కలన్నీ ఎండిపోయాయి. తమ్ముడు తాడు పట్టుకుని దిగి రెండు ఆకులు తెచ్చాడు.

"బంగారం పడిందంటే దిగొచ్చు. ఈ ఎండాకులకా అక్కా నన్ను దించినావు?" అన్నాడు.

వాటిని కాలేజీకి తెస్తే, మా లెక్చరరు మేడం ఒక ఆకు అంచు మడత కింద గోధుమరంగు పొడి చూపించారు. ఫెర్న్‌కు పువ్వు లేదు, గింజ లేదు. ఆ పొడిలోని సిద్ధబీజాలతోనే అది మళ్ళీ పుడుతుంది. ఇటుకపొడిని ఉడికించి చల్లార్చి మూడు కుండీల్లో నింపాం. రాలిన పొడినంతా చల్లి గాజుపలకలు మూశాం. నీళ్ళు కింది పళ్ళెంలోనే పోయాలి. పైన పోస్తే పొడి కొట్టుకుపోతుంది.

సెలవులు అయ్యాక చూస్తే మూడింటి మీదా ఆకుపచ్చ పొర. ఏళ్ళ తరబడి తొట్లు తోమిన చెయ్యి నాది. రెండు కుండీల పైపొర గరిటెతో గీకి తూములో పోశాను. మూడోది తీసుకుంటుండగా మేడం వచ్చారు.

"ఏం చేస్తున్నావు రమణమ్మా?"

"పాచి పట్టింది మేడం. మీరొచ్చేలోపల శుభ్రం చేద్దామని."

"అది పాచి కాదు, నీ పుట్టిల్లు. ఆ గరిటె కింద పెట్టు."

మిగిలిన కుండీ మీది పచ్చపొరలోంచి ఒక చిన్న రేకు తీసి భూతద్దం కింద పెట్టారు. సిద్ధబీజం మొదట ఇలా రేకుగానే మొలుస్తుందట. అరగోరంత కూడా లేదు, హృదయం ఆకారంలో ఉంది. ఆడకణాలూ మగకణాలూ దాని అడుగుననే ఉంటాయట. మగకణం నీటిలో ఈదుకుంటూ ఆడకణాన్ని చేరాలి. నీటిపొర లేకపోతే రేకు రేకుగానే ఉండిపోతుంది. కాబట్టి ఇప్పటినుంచి కుండీని పైనుంచి కూడా తడపాలన్నారు.

రోజూ ఉదయం వేళ్ళు ముంచి కుండీ మీద విదిల్చేదాన్ని. ఆ తడి ఇటుక వాసనకు, అమ్మ చేద లాగుతూ బావిలోకి వంగి నన్ను పిలిచినప్పుడు ఆ పిలుపు రెండుసార్లు వినబడడం గుర్తొచ్చేది. ఎన్నో వారాలకు, కొస చుట్టుకున్న ఒక చిన్న ఆకు లేచింది.

మొక్క కాలేజీలోనే ఉంది. మా రేకుల ఇంటి వేడికి అది బతకదు. అప్పుడప్పుడు పోయి చూస్తాను. వేళ్ళతో నీళ్ళు విదిలిస్తే ఆకులు తడవవు, చుక్కలు జారిపోతాయి, బావిలోనూ అంతే. కానీ వంగి పిలిస్తే బదులు పలికే లోతు కుండీకి ఉండదు.

ఉద్యోగంలో దీని వల్ల నాకు తెలిసింది ఒకటే. గుర్తుపట్టని దాన్ని శుభ్రం చేయకూడదు. ఆ తర్వాత ఏ కుండీ మీద పచ్చపొర కనిపించినా, తెలిసినవాళ్ళు చూసేదాకా నేను ముట్టలేదు, ఇంకొకరిని ముట్టనివ్వలేదు.