పదకొండింటికి వణికే లైటు

టీచరమ్మగారు పోయారని మొన్న మంగళవారం పొద్దున రేపల్లె నుంచి ఆవిడ తమ్ముడి కోడలు ఫోన్ చేసింది. "కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించారండి. కుర్చీలో కూచుని పేపరు చూస్తున్నారు. పిలిస్తే పలకలేదు" అని ఏడ్చింది. ఆ ఏడుపులోనే, "మంచాన మాత్రం పడలేదండి" అంది. ఆవిడకున్న భయం కూడా అదొక్కటే. తెనాలిలో మా పక్కింట్లో తొమ్మిదేళ్ళు ఒక్కరే ఉండి, నిరుడే తమ్ముడి దగ్గరికి వెళ్ళారు. ఫోన్ పెట్టేశాక ఏడుపూ వచ్చింది, ఆ వెనకే ఒక నిట్టూర్పూ వచ్చింది. కోరుకున్నట్టే వెళ్ళారు.

అమ్మ విని, లేచి బీరువాలోంచి చీర తీసుకుంది. తర్వాత "నన్నూ తీసుకెళ్ళు" అంది. ఇద్దరం రైలెక్కి రేపల్లె వెళ్ళాం. చర్చి ఆవరణలో బాపట్ల నుంచి వచ్చిన పాత విద్యార్థులు నిలబడి ఉన్నారు. ఆవిడ సైన్సు చెప్పింది ఎక్కువకాలం బాపట్లలోనే. అందరివీ నెరిసిన తలలే. ఒకాయన అంటున్నాడు: "ప్రశ్న అడిగి కళ్ళజోడు తీసి తుడుచుకునేవారండి. మనకి భయమెయ్యకుండా. జవాబు వచ్చేదాకా తుడుస్తానే ఉండేవారు." అంత దుఃఖంలోనూ అందరం నవ్వాం.

ఆ తుడుచుకోవడం నాకూ తెలుసు. అది మా అమ్మకి చేసిన మేలు గురించే ఈ నాలుగు మాటలు.

మూడేళ్ళ కిందటి చలికాలం. అమ్మ గది ఇంటి మధ్యలో ఉంటుంది. కిటికీ లేదు, పగలైనా లైటు వెయ్యాల్సిందే. ఆ లైటు వణుకుతోందని అమ్మ అనడం మొదలుపెట్టింది. నేనూ మా ఆయనా సాయంత్రం ఆఫీసుల నుంచి వచ్చి చూస్తే నిక్షేపంగా వెలుగుతూ ఉండేది. ఎలక్ట్రీషియన్ రెండు సాయంత్రాలు వచ్చాడు. ఒకసారి బల్బు, ఒకసారి హోల్డరు మార్చాడు. మూడోసారి పిలిస్తే, "బానే ఉంది కదండీ. అమ్మగారికి కళ్ళేమన్నా..." అని ఆగిపోయాడు.

కళ్ళ డాక్టరుకి చూపించాం. శుక్లాల ఆపరేషన్ చేసిన కళ్ళు చక్కగా ఉన్నాయన్నారు. ఆ రోజు అన్నాల దగ్గర మా ఆయన గొంతు తగ్గించి, "ఒకసారి మెదడు డాక్టరుకి చూపిద్దామా?" అన్నారు. నేను కాదనలేదు. పక్క గదిలో ఉన్న అమ్మకి ఆ మాట వినబడింది.

మర్నాటి నుంచి అమ్మ లైటు ఊసెత్తలేదు. హమ్మయ్య, సర్దుకుందనుకున్నాను. అలా అనుకున్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మేం వెళ్ళగానే అమ్మ లైటు ఆపేసి చీకట్లో కూచుంటోందని నాకు తెలీదు.

టీచరమ్మగారు ఒకరోజు పాలలోకి తోడు కోసం వచ్చి చూశారు.

"ఏంటి వదినగారూ, చీకట్లో కూచున్నారు?"

"వేస్తే వణుకుతుందండి. వణకట్లేదంటారు మావాళ్ళు."

"ఎప్పుడు వణుకుతుంది?" అని అడిగి, ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టారట.

అమ్మ ఆలోచించింది. "పనమ్మాయి వెళ్ళాకండి. పదకొండు దాటాక."

నెలన్నర నుంచి మేం అడిగింది ఒకటే, "ఏదీ, ఇప్పుడు లేదుగా?" అని. 'ఎప్పుడు' అని ఒక్కరమూ అడగలేదు.

మర్నాడు పదిన్నరకే ఆవిడ ఒక నోటుబుక్కు పట్టుకుని వచ్చి అమ్మ పక్కన కూచున్నారు. పదకొండూ పదికి లైటు వణికింది. "నాకూ కనపడుతోంది వదినగారూ" అన్నారు. ఆ మాటకి అమ్మ భోరున ఏడ్చేసిందట. రెండోరోజూ అదే వేళకి వణికింది. ఈసారి ఇంట్లో ఏమేం నడుస్తున్నాయో ఆవిడ రాసుకున్నారు. ఎక్కడో సన్నగా మోటారు చప్పుడు. మూడోరోజు మేడ మీద వాటాలో ఉండే ఆవిణ్ణి కేకేసి, నీళ్ళ మోటారు ఆపించారు. లైటు నిలిచింది. వేయించారు. వణికింది. నాలుగుసార్లు అలాగే చేసి చూశారు. మేడ మీదావిడ రోజూ ఆ వేళకే ట్యాంకు నింపుతుందట, మేమెవ్వరం ఇంట్లో లేని వేళకి. ఆదివారాలు మాత్రం తెల్లారకముందే నింపేస్తుందట.

అప్పుడు నాకు ఆఫీసుకి ఫోన్ చేశారు. "మీ అమ్మ కళ్ళు బాగున్నాయి. బుర్ర ఇంకా బాగుంది. మీ గోడలోనే ఏదో బాగాలేదు. మెయిన్ ఆపేశాను. వెలుతురుండగానే ఎలక్ట్రీషియన్ని తీసుకురా."

"మీరే చూడకపోయారా అండీ?" అన్నాను కంగారులో.

"నేను సైన్సు టీచర్నమ్మా. కరెంటు పని తెలిసినవాళ్ళే చెయ్యాలి."

ఎలక్ట్రీషియన్ అటక మీదికెక్కి, గోడనున్న వైర్ల పెట్టె మూత తీశాడు. చెక్క మూత లోపల నల్లగా కాలిపోయి ఉంది. మోటారు పెట్టినప్పుడు ఎవరో దాని వైరు అమ్మ గది లైటు వైరుకే కలిపేశారు. ఆ బరువుకి అతుకు వదులై, వేడెక్కి, తొడుగు కరిగిపోయింది. దాని కిందే మా పాత బొంతలు. ముందు వాటిని కిందికి దించమన్నాను. అతను దిగొచ్చి అమ్మ ముందు నిలబడ్డాడు. "తప్పయిందండి. పొద్దున పూట రావాల్సింది."

నాలుగింటికల్లా మోటారుకి వేరే వైరు లాగాడు. మోటారు వేసి లైటు వేశాం. కదల్లేదు. నేను అమ్మ మంచం మీద కూలబడ్డాను. "పోన్లేవే. చివరికి నాకే అనుమానమొచ్చింది, పిచ్చెక్కిందేమోనని" అంది అమ్మ, నా వీపు నిమురుతూ.

టీచరమ్మగారికి దండం పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "నాకెందుకు? నేను చూశానంతే, చెప్పింది మీ అమ్మ. కనపడలేదంటే లేదని కాదమ్మా. ఆ టైముకి మనం అక్కడ లేమేమో."

ఇప్పుడు ఆఫీసులో ఎవరు ఫిర్యాదుతో వచ్చినా, నేను ముందడిగే మాట "ఎప్పుడండీ?" అనే. ఆ ఒక్క మాటకే సగంమంది మొహాలు తేటపడతాయి.

లైటు బాగైన ఆ సాయంత్రం టీచరమ్మగారు బాపట్ల నుంచి ఎవరో పంపిన ఉడకబెట్టిన తాటి తేగలు తెచ్చారు. ఇద్దరూ అమ్మ గదిలో మంచం మీద ఎదురెదురుగా కూచున్నారు. టీచరమ్మగారు తేగని నిలువునా చీల్చి, మధ్యలో దాక్కున్న చందమామ అనే లేత మొలకని తీసి అమ్మ అరచేతిలో పెట్టారు. అమ్మ దాన్ని రెండు ముక్కలు చేసి, ఒకటి ఆవిడ నోటికందించింది. మేడ మీద మోటారు నడుస్తోంది. వాళ్ళిద్దరూ నవ్వుకుంటూ పీచులు ఏరి పళ్ళెంలో వేస్తున్నారు. లైటు వంక ఒక్కరూ చూడటం లేదు.