మూడో నంబరు మీద పసుపు దారం

ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అన్నీ రాసుకునే నా డైరీలో కూడా ఆ రోజు పేజీలో 'పూజ బాగా జరిగింది' అని ఒక్క ముక్కే ఉంటుంది. ఆ రోజుల్లో, అంటే డిగ్రీ అయిపోయి ఏం చేయాలో తెలియక మా మావయ్య కార్ల షెడ్డులో బిల్లులు రాసిన ఏడాదిలో, నాకు మాట్లాడటమంటే అంత భయం. ఫోన్ మోగితే నేను గొంతు సవరించుకునేలోపు అదే విసుగొచ్చి ఆగిపోయేది. బిల్లు పుస్తకం కింద ఒక కథల పుస్తకం, దాని కింద డైరీ. ఈ మూడింటి వెనక నేను.

మా షెడ్డు భీమిలి దారిలో, సముద్రానికి బాగా దగ్గర. ఉప్పుగాలికి మసకబారిన కార్లకు మళ్ళీ మెరుపు తేవడం మా పని. ఆ మెరుపంతా భాయ్ చేతిలో ఉండేది. భాయ్ అంటే పాత ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చే మా పాలిష్ మేస్త్రీ, మావయ్య కంటే పెద్దాయన. చేత్తో పట్టుకునే పాలిష్ మిషను స్పీడు చక్రాన్ని చివరిదైన ఆరో నంబరుకి తిప్పి, బానెట్ మీద పాలిష్ ధారగా పోసేవాడు. "నెయ్యి ఎక్కువేత్తే బిర్యానీ పాడైపోద్దేటి?" అన్నది ఆయన సిద్ధాంతం. మిషను రయ్యిమనగానే ఆ పాలిష్ ఆరిపోయి తెల్లటి పిండిలా లేచేది. కారు మెరిసేది, మేమేమో పిండిమరలో పనిచేసేవాళ్ళలా తయారయ్యేవాళ్ళం. (ఆ ఏడాది నా కనుబొమలు నల్లగా ఉన్న రోజులు తక్కువ.)

మేం ఎలా ఉన్నా ఎవరికీ బాధ లేదు. షెడ్డు వెనక ఎండబెట్టిన నెత్తళ్ళనే చిన్న చేపలతోనే చిక్కు. అవి ఊరంతా ఎండుచేపల అత్త అని పిలిచే ఆవిడవి, షెడ్డు ఉన్న స్థలం కూడా ఆవిడదే. ఒకరోజు గుప్పెడు చేపలు పట్టుకొచ్చి మావయ్య బల్ల మీద పోసింది. "ఇదేటి సూడు! ఉప్పు నాను ఎయ్యనేదు, మరెవులేసినట్టు? కొన్నోలు ఏటంతన్నారో ఎరికా? 'అత్తా, సేపలకి పౌడరు రాత్తన్నావేటి' అని ఎకసెక్కాలాడతన్నారు. దసరా ఎల్లిన వారం దాకా సూత్తాను. ఈ పిండి ఆగితే సరి, నేకపోతే షెడ్డు కాలీ సేసీయండి."

మావయ్య ముఖం పాలిపోయింది (పిండి వల్ల కాదు). మర్నాడే వెనకవైపు పెద్ద టార్పాలిన్ కట్టించాడు. మధ్యాహ్నం సముద్రపు గాలి దాన్ని విప్పి, జాగ్రత్తగా తీసుకెళ్ళి, సరిగ్గా నెత్తళ్ళ మీదే పరిచింది. ఆ తరువాత అత్త అన్న మాటలు డైరీలో రాయడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

అసలు కిటుకు నాకు తెలుసు. కాగితం ముక్క కనిపిస్తే చదవకుండా ఉండలేని జబ్బు నాది. పాలిష్ డబ్బాతో వచ్చి ఎవరూ విప్పని కాగితాన్ని నేను విప్పి చదివాను. స్పీడు తగ్గించాలి, శనగగింజంత చుక్కలు నాలుగు చాలు, ఒక్కో తలుపు అవగానే మిషనుకున్న స్పాంజిని బ్రష్షుతో దులపాలి, అప్పుడు పిండి లేవదు అని ఉంది. ఇక భాయ్‌కి చెప్పడమే మిగిలింది. కానీ నేను పుట్టకముందు నుంచీ పాలిష్ పడుతున్న మనిషికి, సైకిలైనా సరిగ్గా తుడవడం రాని నేను ఏమని చెప్పను? ధైర్యం కూడగట్టుకుని టీ గ్లాసుతో ఆయన దగ్గరికి వెళ్ళేదాన్ని.

"భాయ్..."

"ఏటి బేటీ?"

"టీ."

"ఇందాకే కదా ఇచ్చావు?"

ఆ వారం ఆయన చేత రోజుకి ఐదేసి టీలు తాగించాను. పిండి మాత్రం ఆగలేదు.

దసరాకి షెడ్డులో ఆయుధ పూజ. మిషన్లన్నిటికీ పసుపు రాసి, బొట్లు పెట్టి, దారాలు కట్టే పని నాకు అప్పగించారు. మిషను ముందు కూర్చున్నాను. చుట్టూ చూశాను. చక్రాన్ని మూడో నంబరుకి తిప్పి, కదలకుండా దాని చుట్టూ పసుపు దారం తొమ్మిది పేటలు బిగించి, ముడి మీద పెద్ద బొట్టు పెట్టాను. అంతటితో ఊరుకోకుండా ఒక కొత్త బ్రష్షుకి కూడా బొట్టు పెట్టి మిషను పక్కన ఉంచాను. అమ్మవారికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

మర్నాడు భాయ్ మిషను వేస్తే అది తాపీగా గుయ్యిమంది. "సేటూ, దారం అడ్డమొత్తంది, సక్రం తిరగట్లేదు."

"అమ్మో, పూజ దారం భాయ్! తియ్యకండి. దానంతటదే ఊడాల," అన్నాడు మావయ్య కంగారుగా.

"అయితే మీ అమ్మవారు మెల్లగా పొమ్మంతంది కాబోలు," అని భాయ్ నవ్వి పని మొదలుపెట్టాడు. మెల్లగా తిరిగేసరికి పోసిన పాలిష్ అంతా ఆరక జిడ్డుగా మిగిలి, తుడవలేక ఆయన చేతులు పడిపోయాయి. మర్నాడు సగమే పోశాడు. ఆ పైరోజు ఇంకా తక్కువ. వారం తిరిగేసరికి సరిగ్గా నాలుగు చుక్కల దగ్గర ఆగాడు. బొట్టు పెట్టిన బ్రష్షుని పారేయడం ఇష్టం లేక దాంతో స్పాంజి దులపడం కూడా మొదలుపెట్టాడు.

గడువు రోజున అత్త వచ్చింది. ఒక నెత్తలిని వేలితో రాసి, నాలిక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. మావయ్య ఊపిరి బిగపట్టాడు. నేను బిల్లు పుస్తకంలో తల దూర్చేశాను.

"ఈపాలి ఉప్పు నాదే," అంది అత్త. వెళ్తూ ఒక పొట్లం నెత్తళ్ళు నా బల్ల మీద పెట్టింది. "అంతా అమ్మవారి మహిమ," అని మావయ్య వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాడు. భాయ్ మాత్రం నా వైపు ఒకసారి చూసి, బ్రష్షు అందుకుని స్పాంజి దులుపుకున్నాడు.

ఏడాది తిరగకుండానే నాకు ఎలమంచిలిలో ఒక స్కూలు లైబ్రరీలో ఉద్యోగం వచ్చింది. (మాట్లాడొద్దని గోడ మీద రాసి ఉండే చోటు. నాకోసమే కట్టినట్టుంటుంది.) ఇప్పుడు పిల్లలకి కథలు గట్టిగా చదివి వినిపిస్తున్నాను. ఒక్క మాట చెప్పడానికి తొమ్మిది పేటల దారం కావలసివచ్చిన ఆ అమ్మాయి గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది. షెడ్డులో చివరిరోజు అందరికీ టీలు ఇచ్చాను. భాయ్ గ్లాసు అందుకుని, మిషను నా బల్ల మీదికి తెచ్చి పెట్టాడు. దారం మాసిపోయి, ఒక్క పోగు మీద వేలాడుతోంది.

"ఐదో టీకే ఎరికైపోనాది బేటీ, నువ్వేటో సెప్పాలనుకుంతన్నావని. దారం పాతదైపోనాది, ఎల్లేముందు కొత్తది కట్టేసి ఎల్లు. మూడు మీదే కట్టు."