నాకోసం అడిగిన మాత్రలు

మూడోసారి కరోనా తిరిగిన ఆ చలికాలంలో నాకు ఇరవై ఆరేళ్లు. తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో కౌంటర్ పని. గొంతు గరగరమంటే పరీక్ష చేయించుకున్నాను. పాజిటివ్. జ్వరం ఉందంటే ఉంది, లేదంటే లేదు. అమ్మ నన్ను మిద్దెమీది గదిలోకి పంపేసి, మిరియాల చారు మెట్లమీద పెట్టి కేకేసేది.

నాయనకు మాత్రం కాలు నిలవలేదు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి; బండైనా ఒళ్లైనా చెడకముందే చూసుకోవాలంటాడు. వైరస్‌ని చంపే మాత్రలు వచ్చినాయని ఎవరో చెప్తే, స్కూటరేసుకుని మందుల షాపులన్నీ తిరిగాడు. చీటీ లేకుండా ఎవరూ ఇవ్వలేదు. తిరిగొచ్చి, నా గది తలుపు బయట నిలబడి, మాకు తెలిసిన డాక్టరమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"మేడమ్, మా పాపకు ఆ మాత్రలు రాసియ్యండి."

"ఆయాసం ఉందామ్మా?" అని ఆమె నన్నడిగింది.

"లేదు మేడమ్," అన్నాను లోపల్నుంచి.

"ఇంకే జబ్బూ లేదు, వయసులో ఉంది. దానంతటదే తగ్గుతుందన్నా. రేపు బిడ్డల్ని కనాల్సిన పిల్లకు అక్కర్లేని మందు ఎందుకు?"

"ముందుజాగ్రత్తకి మేడమ్. ఏసుకుంటే పొయ్యేదేముండాది?"

"మందంటే నీళ్లు కాదు కదా. అది పెద్దవయసు వాళ్లకి, షుగరున్న వాళ్లకి. అవునూ, మీకు షుగర్ ఉంది కదా. మీకెట్లుంది?"

ఆపుకోబోయి ఆపుకోలేని దగ్గొకటి తలుపవతల వినిపించింది.

"ఎప్పట్నుంచి నాయనా?" అని అరిచాను.

"నిన్నట్నుంచి పాపా. ముందు నీ సంగతి తేలనీలే అనుకున్నా."

కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి నాకు. డాక్టరమ్మ ఆయన్ని పిలిపించి చూసింది, పరీక్ష చేయించింది, రోజూ వేసుకునే మందులేమిటో అడిగి, ఆ మాత్రలు ఆయనకే అయిదు రోజులకి రాసింది. నాకు జ్వరం బిళ్లలే.

నాయన కూడా మిద్దెమీదికి వచ్చేశాడు. "నీకడిగితే నాకిచ్చిందే ఆయమ్మ," అని గొణుగుతూ మాత్ర మింగేవాడు. నేలమీద సుద్దముక్కతో పులిమేక గీసుకుని, చింతగింజలతో ఆడుకునేవాళ్లం. నా చిన్నతనమంతా ఆయన డ్యూటీల్లోనే గడిచింది. ఇన్నేళ్లకి కొండదారి మలుపుల్లో కమ్ముకునే మంచు గురించి చెప్పాడు. కాణిపాకం బస్సులో ఒక ముసలామె తన కోడిపెట్టకి సీటు పట్టి మనుషుల్ని నిలబెట్టిన సంగతి చెప్పి, నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది.

నాకు నాలుగో రోజుకే తగ్గింది. ఆయనకు వారం పట్టింది. మాత్రలవల్లే తేలిగ్గా పోయిందా, ఎట్లయినా పోయేదేనా అని అడిగితే డాక్టరమ్మ కూడా, చెప్పలేమమ్మా, అంది.

కిందికి దిగాల్సిన పొద్దున నేను దుప్పట్లు మడుస్తున్నాను. నాయన మంచం దిగలేదు.

"ఇంకొక్క దినం ఈడే ఉందామా పాపా?"

ఇంకా కొంచెం నీరసంగా ఉందని అమ్మకు నేనే అబద్ధం చెప్పాను.