నిండు కప్పు

అనంతపురంలో చలికాలం స్వెటర్లు అమ్ముకునే టిబెటన్ల చిన్న హోటల్లో మోమోలు తిన్నాను. తిన్నాక యజమానురాలు ఉప్పు, వెన్న వేసిన టీ పోసింది. ఒక్క గుక్కకే నోటికి వెగటేసింది. కానీ మా కోనసీమలో పెట్టింది వదిలేస్తే తప్పు. కళ్లు మూసుకుని తాగేశాను. వెంటనే మళ్లీ నింపింది. మళ్లీ తాగాను. మళ్లీ నింపింది.

పక్క బల్ల దగ్గరున్న రైతు నవ్వాడు. "ఏమప్పా, నువ్వు తాగేకొద్దీ ఆమె పోస్తానే ఉంటాది. చాలనుకుంటే నిండుగా పెట్టుకోని ఊరికే కూర్చోవల్ల."

బతికాననుకుని, నిండు కప్పు అలాగే ఉంచి బస్సు కోసం లేచాను. ఆమె ముఖం చిన్నబోయింది.

"పోయేటప్పుడు తాగి పోవల్లన్నా. మాకాడ అదే మర్యాద," అందామె.

తాగాను. ఖాళీ కప్పు కింద పెట్టడానికి ధైర్యం చాలక, అరచేత్తో మూసి పట్టుకుని నిలబడ్డాను. కెటిల్ ఇంకా ఆమె చేతిలోనే ఉంది.