కోటిరత్నం తీసిన ఆఖరి చీటీ

కోటిరత్నానికి పిడుగన్నా భయమే, కరెంటన్నా భయమే, బ్యాంకులో అద్దం వెనక కూర్చున్న మనిషన్నా భయమే. వీటన్నిటికంటే ఆమెకు తన కుడిచెయ్యంటే ఎక్కువ భయం. ఆ చెయ్యి మంచిదని మా ఊళ్లో పేరు పడిపోయింది మరి.

ఎప్పుడో ఒక రైతు మిరప చేలో తొలి మొక్క ఆమె నాటింది. ఆ ఏడు అతనికి పంటా పండింది, ధరా పలికింది. అంతే! అప్పటినుంచి మిరప నారు నాటాలన్నా, పత్తి గింజ వేయాలన్నా ముందు కోటిరత్నం చెయ్యి పడాల్సిందే. చిలకలూరిపేటలో చీరల కొట్టు తెరిచినాయన కారు పంపించి మరీ ఆమెతో బోణీ చేయించుకున్నాడు. ఇంకొకరైతే ఎగిరి గంతేసేవాళ్ళు. ఈమె మాత్రం వెళ్ళేటప్పుడు వణుకుతూ వెళ్ళేది, వచ్చేటప్పుడు వణుకుతూ వచ్చేది. "పొగిడిన నోళ్ళే రేపు తిడతాయి" అనేది.

తిట్టాయి కూడా. అంకయ్య పత్తి చేలో తొలి గింజ వేసిన ఏడాది గులాబీ పురుగు పడింది. ఊరందరి పత్తికీ పడింది. ఇది అంకయ్య చేను, ఇది ఇంకొకరి చేను అని పురుగుకేం తెలుసు! అయినా అంకయ్య ఆమె గుమ్మం ముందు నిలబడి, "నీ చెయ్యి విరగ! నన్ను నిలువునా ముంచావు గదే!" అని ఊరంతా వినేలా అరిచాడు. ఆ మిరప కోతలకు కోటిరత్నాన్ని ఎవరూ పిలవలేదు. కూలీలు దొరక్క ఎక్కడెక్కడినుంచో మనుషుల్ని లారీల్లో తెచ్చుకుంటున్న ఊళ్లో ఆమె ఇంట్లో కూర్చుంది. గంజి తాగి గడిపింది. మరుసటేడు పంట బాగా వచ్చేసరికి ఆ చెయ్యి మళ్ళీ మంచిదైపోయింది. మా ఊరి న్యాయం అలా ఉంటుంది.

ఊరు మర్చిపోయింది కానీ కోటిరత్నం మర్చిపోలేదు. వీధిలో ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, ఆమె వెళ్ళి తలుపు గడియ పెట్టుకునేది.

ఆమెకున్నది ఒక్క కూతురు, శివకుమారి. మొగుడు వదిలేసి పోయాక వేటపాలెంలో జీడిపప్పు పనికి కుదిరింది. జీడి నూనె తగిలి తగిలి వేళ్ళు మాడిపోయి, రేషన్ కొట్లో మిషను కూడా ఆమె వేలిముద్ర పట్టడం మానేసింది. కూతురు శ్రీరమ్యను తల్లి దగ్గరే ఉంచింది. ఫోను చేసినప్పుడల్లా ఒకటే మాట: "అమ్మా, దానికా ఇంగ్లీషు బళ్ళో సీటొస్తే చాలు. నా వేళ్ళు చూసి అయినా ఆ దేవుడు దయ తలచాలి."

ఆ ఇంగ్లీషు బడి చిలకలూరిపేట అవతల ఉంది. ప్రభుత్వానిదే, రూపాయి కట్టక్కర్లేదు. అక్కడే ఉండి చదువుకోవాలి. గేటు దాటి లోపలికి వెళ్తే ఇక తెలుగు మాట వినపడదు. పాఠాలే కాదు, అన్నం అడిగినా ఇంగ్లీషులోనే అడగాలి, వంటావిడ కూడా ఇంగ్లీషులోనే కసరాలి. చేర్చుకునేది ఐదో తరగతిలో మాత్రమే. ఆ ఏడు తప్పితే మళ్ళీ రాదు. సీట్లు నలభై, కావాలన్న వాళ్ళు వందల్లో. అందుకని లాటరీ.

శ్రీరమ్యకు ఈ ఏడే ఐదో తరగతి. ఫోనులో చూసి నేర్చుకున్న ఇంగ్లీషుతో ఇంట్లో కోళ్ళను తోలేది. "గో! గో ఇన్‌సైడ్!" అంటే కోళ్ళు నిజంగానే గంప కిందికి పోయేవి. సీటు వచ్చేసినట్టే దాని లెక్క.

లాటరీ రోజు అమ్మమ్మా మనవరాలూ మా ఊరి మీరావలి ఆటోలో బయల్దేరారు. బడి ఆవరణలో షామియానా, బల్ల మీద స్టీలు బిందె, బిందెలో పిల్లల నంబర్లు రాసి మడిచిన చీటీలు. ప్రిన్సిపాల్ రెబ్కా మేడమ్ మైకు పట్టుకుంది. కిందటేడు అటెండరు కొడుకు చేత చీటీలు తీయిస్తే, మోసం జరిగిందని పైదాకా ఫిర్యాదులు వెళ్ళాయి. ఆవిడకు ఆ భయం ఉంది.

"ఈసారి మా వాళ్ళెవరూ బిందె ముట్టుకోరు. ఎవరు తీయాలో మీరే చెప్పండి" అంది.

"కోటిరత్నం!" అని ఎవరో అరిచారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా అదే అందుకున్నారు. "ఆమె చెయ్యి మంచిదండీ! ఆమె చేతే తీయించండి!"

కోటిరత్నానికి పై ప్రాణాలు పైనే పోయాయి. "నన్నొదిలెయ్యండయ్యా, మీకు దణ్ణం పెడతా. నా మనవరాలి చీటీ కూడా అందులోనే ఉంది" అంది.

"ఉంటే ఏమైంది? అన్నీ మడిచే ఉన్నాయిగా" అన్నాడు అంకయ్య. అతని మనవడు కోటేష్ చీటీ కూడా బిందెలో ఉంది. "నువ్వు తియ్యి. మావాడి నంబరు ముందు రావాలి, ఏం?" అని నవ్వాడు.

అందరూ నవ్వారు. కోటిరత్నం మనసులో లెక్క వేసుకుంది. కాదంటే వీళ్ళకు కోపం, అవునంటే తనకు గండం. ఎవరో రెక్క పట్టుకుని బల్ల దగ్గర నిలబెట్టారు. ఎదురుగా ఎన్ని ఫోన్లు! అన్నీ వీడియో తీస్తున్నాయి. ముందు వరసలో శ్రీరమ్య తన నంబరు లోపల్లోపల జపం చేస్తూ కూర్చుంది. నూట పదిహేడు.

ఒక్కో చీటీ తీస్తుంటే ఒక్కో తల్లి కేక వేసింది. ఒకావిడ వచ్చి ఆమె చేతిని కళ్ళకద్దుకుంది. కోటిరత్నం చెయ్యి వెనక్కి లాక్కుంది. పిల్ల నంబరు వస్తే కావాలని తీసిందంటారు. రాకపోతే పిల్లకేం చెప్పాలి? ముందు నుయ్యి, వెనక గొయ్యి. అంకయ్య మనవడి నంబరు రాలేదు. అంకయ్య నవ్వడం మానేశాడు.

ఇక ఒక్క సీటే మిగిలింది. బిందెలో చెయ్యి పెట్టి ఒకటి పట్టుకుంది. ఇది పిల్లదేనేమో అని ఎందుకో అనిపించింది. బిందె అంచుదాకా తెచ్చి దాన్ని వదిలేసి, పక్కది పట్టుకుని తీసి ఇచ్చేసింది.

రెబ్కా మేడమ్ మడత విప్పింది. "నూట పదిహేడు."

"అమ్మమ్మా! నాదే!" శ్రీరమ్య లేచి గెంతింది.

"ఆగండి!" అంకయ్య ముందుకొచ్చాడు. "ఒకటి పట్టుకుని వదిలేసి ఇంకోటి తీసింది. నా కళ్ళారా చూశా!"

షామియానా అంతా ఒక్కసారి గుసగుసలు. "అవును, లోపల చెయ్యి తిప్పింది" అన్నారెవరో. సీటు రానివాళ్ళంతా లేచి నిలబడ్డారు.

"తిప్పితే ఏమైందండీ? మడత విప్పి చూడలేదు కదా" అంది రెబ్కా మేడమ్ గట్టిగానే. "ఈ చీటీ చెల్లుతుంది. నేను రాసేస్తున్నా."

అప్పుడు కోటిరత్నం ఊరుకుంటే సరిపోయేది. ఆమె తప్పేం చేయలేదు. కానీ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం ఆమె. కళ్ళ ముందు అంకయ్య ముఖం, ఆ ముఖం వెనక ఆ ఏటి గంజి, ఎవరూ పిలవని కోతలు, మూసుకున్న తలుపు కనిపించాయి.

"నాకొద్దండీ" అంది. "అది మళ్ళీ అందులో వేసెయ్యండి. ఇంకెవరిచేతైనా తీయించండి."

"అమ్మా, ఇది మీ పాప సీటు. ఐదో తరగతి దాటితే మేం తీసుకోం. ఆలోచించుకోండి."

"వద్దండీ. మాకొద్దు."

రెబ్కా మేడమ్ పిల్ల దరఖాస్తు తీసి చూసింది. దరఖాస్తు మీద వేలిముద్ర వేసిన పెద్దదిక్కు ఈమే, ఈమే వద్దంటోంది. ఏం చేస్తుంది? చీటీ మడిచి బిందెలో వేసింది. ఒక పక్కగా నిలబడ్డ పెద్దాయన చేత తీయించింది. రిహానా అని పిడుగురాళ్ల వైపు పిల్లకు వచ్చింది.

చప్పట్లు మోగాయి. రిహానాకు కాదు, కోటిరత్నానికి. ఎంత నీతి, ఎంత ధర్మం అన్నారు. అంకయ్య దగ్గరికొచ్చి, "మనిషంటే నువ్వే కోటిరత్నం! ఈ ఏడు మా చేలో తొలి మొక్క నువ్వే నాటాలి" అన్నాడు. నాకు ఒళ్ళు మండుతుంది, ఈ మాట ఎవరైనా చెబితే ఇప్పటికీ. నీతీ లేదు, ధర్మమూ లేదక్కడ. ఉన్నది భయం ఒక్కటే. నోటి దగ్గరి కూడు కాకికి వేస్తే దాన్ని దానం అంటారా ఎవరైనా?

తిరుగు దారిలో శ్రీరమ్య ఏడవలేదు, ఏమీ అడగలేదు. హైవే మీద పత్తి బేళ్ళ లారీల వంక చూస్తూ కూర్చుంది. కోటిరత్నానికి ఆ ఊరుకోవడమే భయంగా ఉంది. ఏడ్చినా బావుండును, రెండు దెబ్బలు కొట్టినా బావుండును.

ఫోను మోగింది. శివకుమారి. "ఏమైందమ్మా? వచ్చిందా?"

కోటిరత్నం ఫోను చెవి దగ్గర పెట్టుకుని పిల్ల వంక చూసింది. శ్రీరమ్య ఆమె చేతిలోంచి ఫోను తీసుకుంది.

"రాలేదమ్మా" అంది. "అందరికీ అమ్మమ్మే తీసింది. నా నంబరే రాలేదు."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత, "పోనీలే తల్లీ. మన రాత. నువ్వేడవకు" అని వినపడింది.

"నేనేం ఏడవట్లేదమ్మా. నువ్వేడవకు" అని పిల్ల ఫోను పెట్టేసింది.

"ఎందుకట్లా చెప్పావే?" అంది కోటిరత్నం.

"నిజం చెబితే అమ్మ నిన్ను తిడుతుందిగా. ఇంక మనింటికి రాదేమోనని భయమేసింది."

అదే గొంతు, అదే తల వంచుకోవడం. తొమ్మిదేళ్ళ పిల్లలో కోటిరత్నానికి తానే కనిపించింది. పిడుగు పడినా ఆమె అంతగా అదిరిపోయి ఉండదు.

"మీరావలీ, ఆటో తిప్పయ్యా" అంది.

"ఇప్పుడెళ్ళి ఏం చేస్తావు పెద్దమ్మా?"

"తిప్పయ్యా, నీకు దణ్ణం పెడతా. ఆ సీటు నా పిల్లదే అని చెబుతా. అందరి ముందూ చెబుతా. ఎవరేమన్నా సరే, తిప్పు!"

మీరావలి ఆటో పక్కకు తీసి ఆపాడు. కానీ తిప్పలేదు. ఆఖరున రిహానా పేరుతో సహా, సీట్లు వచ్చినవాళ్ళ పేర్లు గోడకు అంటించడం బయల్దేరే ముందు అతను కూడా చూశాడు.