మావకు మిగిలిన మాట

ఆ రోజుల్లో మా మావ చేత ‘బాబూ’ అనిపించుకున్నామంటే ఆయన మనసుకి ఇంకా గుమ్మం అవతలే ఉన్నట్టు. కరెంటు రీడింగు తీసే కుర్రాడు బాబు, ఓటడగడానికి వచ్చిన పెద్దమనిషి బాబు, ఆదివారం వాక్యం చెప్పే పాస్టరుగారు కూడా బాబే. ‘ఎర్రిబాగులోడా’ అనే బిరుదు మాత్రం చాలా ఇష్టమైనవాళ్ళకే. నరసన్నపేట దగ్గర ఆ పల్లెలో అది ఆడా మగా తేడా లేకుండా మా అత్తకీ, కాడికి ఎడమపక్క కట్టే ఎద్దుకీ, చెల్లెలి కొడుకునైన నాకూ దక్కింది. (ఎద్దుకి నాకంటే ముందే వచ్చింది.) నిఘంటువులో చూస్తే తెలివితక్కువవాడని ఉంటుంది. మావ నోట్లో మాత్రం తిన్నావా, ఎండలో తిరగకు, వచ్చావు కదా ఇక బెంగ లేదు, అన్నీ అదే మాట.

నేను డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న ఏడాది, సరిగ్గా తొలకరి ముందు, మావకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యితోపాటు మాటా పడిపోయింది. “బాగా అలవాటైన మాటేదో ముందు రావచ్చు, మాట్లాడిస్తూ ఉండండి” అన్నాడు శ్రీకాకుళం డాక్టరు. అత్త మంచం పట్టుకుని, “ఒక్క మాటాడయ్యా, తిట్టినా పర్నేదు” అని ఏడ్చేది. ఆ అలవాటైన మాటేదో మా ఇద్దరికీ తెలుసు. దాన్ని రప్పించే పని నేను నెత్తిన వేసుకున్నాను. చొక్కా తిరగేసి తొడుక్కుని ఆయన ముందు పచార్లు చేశాను. పేపరు తలకిందులుగా పట్టుకుని చదివాను. ఎద్దుకి టీ పోశాను (తాగింది). మావ నన్ను జాలిగా చూసేవాడు, అంతే. పెరట్లోకి పోయి ఏడ్చేవాణ్ణి.

ఇంతలో వానలు పడ్డాయి. అత్త మంచం దగ్గర్నుంచి కదలలేదు కాబట్టి నారు పోసే పని నాదైంది. గదిలో ఉన్న గోనె ఎత్తుకెళ్ళి, మావ చల్లే తీరు తలచుకుంటూ, ఆకుమడంతా శ్రద్ధగా చల్లాను. పక్కవాళ్ళ మడులు పచ్చబడ్డాయి, మాది నల్లగా అలాగే ఉండిపోయింది. గోరింకలు మాత్రం బలిశాయి. మావ మంచం పక్కన నిలబడి, “మోసం మావా! దొంగ విత్తనాలు అమ్మారు, ఊరుకోను” అని నేను చిందులేస్తుంటే, మిల్లుకి పంపడానికని రెండో గోనె విప్పిన అత్త గదిలోంచి కేకేసింది.

“ఒరే, ఇత్తనాలు ఈడే ఉన్నాయేటిరా? ఉప్పుడు బియ్యానికని ఉడకబెట్టి ఎండేసిన దాన్నం ఏదిరా? ఓలమ్మో, ఉడికిన దాన్నం జల్లీసినావేటి!”

మంచం మీంచి ఏదో శబ్దం. వంకరపోయిన మూతి అటూ ఇటూ కదిలింది. “ఎ... ర్రి... బాగులోడా” అన్నాడు మావ. అత్త గుమ్మంలోనే కూలబడి, నవ్వుతూ ఏడుస్తూ, “మళ్ళీ జల్లరా, బస్తాడూ జల్లు!” అంది.

కానీ ఆ మాట తరవాత ఇంకో మాట రాలేదు. దాహమైనా, నొప్పైనా, పక్క మార్చమన్నా అదే. పొట్టిగా అంటే నీళ్ళని, సాగదీస్తే దగ్గరికి రమ్మని అత్త తెలుసుకుంది. ప్రార్థన చెయ్యడానికి వచ్చిన పాస్టరుగారిని కూడా అదే అన్నాడు. ఆయన కళ్ళు మూసుకుని “ఆమెన్” అన్నారు. మళ్ళీ పోసిన నారు ఊడ్చాం, చేను పొట్టకొచ్చింది, కోతలు చూడకుండానే మావ వెళ్ళిపోయాడు. చివరి సాయంత్రం కాళ్ళు పడుతుంటే నా వైపు చూసి మెల్లగా అదే మాట అన్నాడు. నీళ్ళు తెస్తే వద్దన్నట్టు తలాడించాడు. ఏం కావాలో అత్తకీ అర్థం కాలేదు.

ఇప్పుడు నాకు బొబ్బిలిలో ఉద్యోగం. ఆఫీసులో సార్ అంటారు. అత్తకి కూడా నేను పెద్దవాణ్ణయిపోయాను. మొన్న ఊరెళ్ళినప్పుడు, ఈ వయసులో, వీధి చివర ఎవరూ చూడకుండా చొక్కా తిరగేసి తొడుక్కుని వెళ్ళాను. అత్త కళ్ళద్దాలు సర్దుకుని చూసింది.

“సొక్కా తిరగబడింది, సూసుకోలేదా బాబూ” అంది.